కాంపోజిట్ సెక్షనులో ఒక సీటు

రాచపేట
22–6–1959

మహాలక్ష్మీ సమానురాలగు మేనత్త కామమ్మ గారి దివ్యసముఖమునకు, మేనకోడలు ఆదిశేషమ్మ చేతులు జోడించి వ్రాసుకొనునది.

ఇట్లా మొదలుపెట్టకపోతే జాబు జాబే కాదని మా తెలుగు అయ్యవారు చెప్పినాడు. నవ్వొస్తే నవ్వుకో గానీ రేవులో అందరికీ చదివి వినిపించొద్దు.

నర్సమ్మ ఆనందకుమారి గారింట్లో సుఖంగానే ఉన్నాను. పొద్దున నీళ్ళు తోడతాను, సాయంత్రం ఆమె కాన్పుల సంచీ సర్దిపెడతాను. మిగతా పొద్దంతా నాదే. ఎవరడిగినా "మా అమ్మాయి" అంటుందే గానీ పనిపిల్ల అనదు. చేపల పులుసు మాత్రం ఆమెకి రాదు. చేప ఒక దిక్కు, పులుసు ఒక దిక్కు.

ఇక అసలు సంగతి. నాలుగో ఫారంలో లెక్కలు రెండు తెగలు. మామూలు లెక్కలు బి సెక్షనుకి, కాంపోజిటు లెక్కలు ఎ సెక్షనుకి. కాంపోజిటు ఉన్నవాళ్ళే రేపు కాలేజీలో సైన్సు చదవొచ్చు. లేనివాళ్ళకి ఆ దోవ మూసేసినట్టే. నిరుడు మూడో ఫారంలో లెక్కల్లో మొదటి మార్కు నాదే. బడి తెరిచిన రోజు గోడకి జాబితా అంటించినారు. ఎ సెక్షనులో నలభై పేర్లు. మూడుసార్లు చదివినాను. నా పేరు లేదు. నన్ను మామూలు లెక్కల్లో, కుట్టుపనిలో వేసినారు.

నాయనకి చెప్పొద్దు. నీకెందుకు చెప్పినానంటే, ఎవరికో ఒకరికి చెప్పకపోతే అన్నం దిగేటట్టు లేదు.

ఇట్లు,
నీ మేనకోడలు
ఆదిశేషమ్మ


నడికుప్పం
3–7–1959

ఆదమ్మా,

నీ జాబు రొయ్యల గంపలో పడి వచ్చింది. సగం అక్షరాలు సరస్సులో ఈదులాడి ఒడ్డెక్కినాయి. అయినా కూడబలుక్కుని చదివినా. నన్ను మహాలక్ష్మి అన్నావే! మీ మామ వల బాగు చేసుకుంటా విన్నాడు, "లక్ష్మీదేవి ఈ గంప నెత్తిన పెట్టుకుంటే విష్ణుమూర్తి ఇల్లొదిలి పోతాడు" అన్నాడు. వచ్చే జాబులో ఆయన్ని కూడా ఏదో ఒక దేవుణ్ణి చెయ్యి, లేకుంటే అలుగుతాడు.

అయినా ఇదేం చోద్యమే? కంపోస్టు లెక్కలు నేర్చుకుంటే గానీ కాలేజీకి రానీరా? మొన్న గ్రామసేవకుడు వచ్చి కంపోస్టు గుంత తవ్వండి, చెత్త వెయ్యండి, పేడ వెయ్యండి అని ఒకటే పోరు. మా కుప్పంలో చెత్తంటే చేప తలకాయలే అయ్యా, గుంతలో వేస్తే కుక్కలు కాలేజీ చదువుతాయి అన్నాను. ఇప్పుడు తెలిసింది, సర్కారు దాన్ని బళ్ళో కూడా పెట్టినట్టుండాది.

సరే, వాళ్ళ తిక్క వాళ్ళది. నువ్వు అడిగింది ఎరువే గదా, ఏనుగుని కాదు గదా! అది కూడా మన పిలకాయలకి ఇయ్యం పొమ్మంటే ఏం న్యాయం? రేపు ఎండుచేపల బేరానికి బ్లాకు ఆఫీసు దిక్కే పోతుండా. ఎరువుల ఆఫీసరు రంగనాయకులు గారని ఉండాడు. ఎండు రొయ్యలంటే ప్రాణం. ఆయన్నే అడుగుతా. నువ్వు గమ్మున అన్నం తిను.

మీ అత్త
కామమ్మ


రాచపేట
15–7–1959

అత్తా,

ఈసారి మహాలక్ష్మి లేదు. అంత కోపంగా ఉంది.

నీ జాబు అందిన రోజే "పోవద్దు, అది కంపోస్టు కాదు" అని కార్డు రాసినాను. అది చేరేలోపలే నువ్వు పోయినట్టున్నావు. నిన్న ప్రార్థన అయినాక హెడ్మాస్టరు పద్మనాభయ్య గారు బ్లాకు ఆఫీసు నించి వచ్చిన ఉత్తరం బడంతా వినేటట్టు చదివినారు. "నడికుప్పం అనే బెస్తపాలెం బాలిక ఒకతె కంపోస్టు విద్య కోసం తపించుచున్నది. ఆమె మేనత్త స్వయముగా వచ్చి వేలిముద్ర గాక సంతకము చేసి అర్జీ ఇచ్చినది. ఇట్టి ఉత్సాహము జిల్లాకే ఆదర్శము." ఆరువందల మంది చప్పట్లు కొట్టినారు. కుట్టుపని నించి నన్ను తీసేసి తోటపనిలో వేసినారు. ఇప్పుడు నేను బడి వెనక వంకాయ మొక్కలకి పేడ మోస్తున్నాను. పిలకాయలు నన్ను "ఎరువమ్మా" అని పిలుస్తున్నారు.

అది కాంపోజిటు అత్తా. కాం–పో–జి–టు. లెక్కల్లో పెద్ద లెక్కలు. మామూలు లెక్కల్లో వడ్డీలూ సగటులూ ఉంటాయి. ఇందులో బీజగణితం, రేఖాగణితం ఉంటాయి. తెలియని దానికి ఒక పేరు పెట్టి, తెలిసినవాటితో దాన్ని చుట్టుముట్టి పట్టుకోవడం. మా నాయన చేప కనపడకపోయినా నీళ్ళ కదలిక చూసి ఎక్కడుందో చెప్తాడే, అట్లాంటిది.

నాకు కావాల్సింది అది. వంకాయలు కాదు.

ఆదిశేషమ్మ


నడికుప్పం
24–7–1959

మే ఎరువమ్మా,

కొట్టమాకు. ఒక్కసారికి అననీ, ఇంక అనను.

నీ జాబు చదివి మొదట నవ్వినా. ఆరువందల మంది చప్పట్లంటే మాటలా, మన పోలేరమ్మ తిరణాలకి కూడా అంతమంది రారు. తర్వాత పేడ మోస్తుండావని ఉన్న చోటికి వచ్చినాక నవ్వు గొంతులో ముల్లయింది. ఆఫీసరు కుర్చీ వేసి కూర్చోబెట్టి, సంతకం పెట్టించి, ఫోటో కూడా తీయించినాడే! అంత మర్యాద ఎందుకు చేస్తుండాడని అప్పుడే అనుమానం రావాల్సింది. మర్యాద ఎక్కువైనప్పుడల్లా మనం తప్పు గుమ్మం ఎక్కినామని లెక్క.

తప్పు నాది. దిద్దుకుంటా. కానీ ముందు నాకు ఒకటి చెప్పు. మొదటి మార్కు నీదైతే, నీ పేరెందుకు లేదు? హెడ్మాస్టరు నోటినించి వచ్చిన మాట ఏదీ వదలకుండా రాయి. ఈసారి అర్థం కాకుంటే మళ్ళీ అడుగుతా గానీ గంప ఎత్తుకుని పరిగెత్తను.

కంపోస్టు కథ మీ నాయన చెవిన పడింది. "ఎరువుకీ కుట్లకీ మూడేండ్లు పేటలో ఎందుకు? వల అల్లడం ఇంట్లోనే నేర్చుకుంటుంది, దసరాకి తోడుకొచ్చేస్తా" అంటుండాడు. మా తమ్ముడు చిన్నపోలయ్య సంగతి నీకు తెలుసు గదా, అరిచేవాడైతే భయం లేదు, వాడు మెల్లగా అంటాడు.

కామమ్మ


రాచపేట
4–8–1959

అత్తా,

దసరాకి నన్ను తీసుకుపోతాడా? ఎట్లాగైనా ఆపు.

హెడ్మాస్టరు అన్నది ఇది. నేను పోయి అడిగినాను. ఆయన అద్దాలు తీసి తుడుచుకుంటా, "నువ్వు తెలివైన పిల్లవే. కాదనడం లేదు. కానీ ఉన్నది నలభై సీట్లు. ఎస్సెల్సీ అయినాక నువ్వు కాలేజీకి పోతావా? పోవు. మరి నీకిస్తే ఒక సీటు వృథా గదా?" అన్నారు. కోపంగా కూడా అనలేదు. వానొస్తుంది, గొడుగు తీసుకుపో అన్నట్టు అన్నారు. అందుకే నాకు బదులు తోచలేదు.

ఎ సెక్షనులో ఎవరున్నారో చూసినాను. అందరూ పేటవాళ్ళే. రెడ్డిగార్ల పిల్లలు, ఆఫీసర్ల పిల్లలు, లెక్కల అయ్యవారు హజరత్తయ్య గారి దగ్గర ట్యూషను చదివేవాళ్ళు. మన తీరం నించి ఒక్కరూ లేరు.

ఒక సంగతి రహస్యం. ఎ సెక్షనులో ప్రమీల అని ఒక పిల్ల ఉంది. రెండు మేడల ఇల్లు వాళ్ళది. ఆ పిల్లకి లెక్కలంటే జ్వరం. కొళాయి దగ్గర నన్ను పట్టుకుని, "నువ్వు నా ఇంటిలెక్కలు చేసిపెడితే నా పుస్తకం రోజూ సాయంత్రం ఇస్తా" అనింది. ఒప్పుకున్నాను. ఇప్పుడు ఎ సెక్షనులో ఏం చెప్తున్నారో నాకు రోజూ తెలుస్తుంది. నిన్నంతా ఎక్స్‌తోనే గడిపినాను. ఎక్స్ ఎవరో తేలేదాకా నిద్ర పట్టదు. తేలినాక ఎంత సంతోషమో!

నీ
ఆదిశేషమ్మ


నడికుప్పం
17–8–1959

ఆదమ్మా,

ఎవుడే ఆ ఎక్సు? ఏ ఊరోడు? రోజంతా గడిపినావంట, నిద్ర పట్టలేదంట, తేలినాక సంతోషమంట! నాకు కొడుకు లేడు కాబట్టి బతికిపోయినావు, ఉండుంటే ఈ పాటికి ఎక్సు మీద పంచాయితీ పెట్టుందును. మీ మామ అయితే నిజంగానే, "వాడికి పడవుందా?" అని అడిగినాడు.

నువ్వు గాబరాపడి మళ్ళీ కార్డు రాయమాకు. తెలిసిందిలే. తెలియనిదానికి పెట్టిన పేరు. నాకు మతి ఉండాది.

ఆ ప్రమీల సంగతి మాత్రం నాకు నచ్చలేదు. రెండు మేడల పిల్ల నీ చేత వెట్టి చేయిస్తుండాది. లెక్క నువ్వు చేస్తే మార్కు ఆమెకి, సీటు ఆమెకి, నీకు వంకాయలు. కొంచెం జాగ్రత్త. కలిగినోళ్ళ పిల్లలు చెడ్డోళ్ళు కారు గానీ, తీసుకోవడం అలవాటైన చేతులు.

హెడ్మాస్టరు మాట చదివినా. ఆ గొడుగు మాట. దానికి బదులు నీకు తోచకపోతే పోయె. నాకు తోచింది. వచ్చే బుధవారం వస్తుండా. నర్సమ్మని కూడా బడికి రమ్మని చెప్పి పెట్టు. ఎండు రొయ్యలు తేనులే, భయపడమాకు.

కామమ్మ


నడికుప్పం
30–8–1959

ఆదమ్మా,

బస్సు దిగి, పడవెక్కి, ఇల్లు చేరేసరికి రెండు పూటలు పట్టింది. నిన్ను వరండాలో నిలబెట్టినారు గదా, లోపల జరిగింది నా నోటినించే విను. నర్సమ్మ పెద్దమనిషి, నేనన్న మాటల్లో సగం మింగేసి చెప్పుంటుంది.

మీ హెడ్మాస్టరు చెడ్డాయనేం కాదు. నన్ను కూర్చోమన్నాడు. నేను కూర్చున్నాక కిటికీ తెరవమన్నాడు. నేను స్నానం చేసి ఉతికిన చీర కట్టుకునే వచ్చినా. అయినా సరే, ముక్కుకి ముందే తెలుసు గదా నేనెవరో. లెక్కల అయ్యవారు హజరత్తయ్య పక్కన నిలబడి ఉండాడు.

"కంపోస్టు అర్జీ పెట్టింది మీరే గదమ్మా? మీరడిగిందే ఇచ్చినాం" అన్నాడు మీ హెడ్మాస్టరు.

"నేనేనయ్యా. తప్పు విన్నాను, తప్పు అడిగినాను. అత్త చెవిటిదైతే కోడలు పేడ మోయాలా?"

"చూడండి, కాంపోజిటు కాలేజీకి పోయే పిల్లలకి. మీ పిల్ల పోతుందా?"

"కాంపోజిటు ఇస్తే పోతుంది."

"పోతుందని నమ్మకం ఉంటే గదా ఇచ్చేది?"

అప్పుడన్నా. "అయ్యా, మా కుప్పానికి రోడ్డు వెయ్యమంటే, బస్సే పోని ఊరికి రోడ్డెందుకన్నాడు ఒకాయన. బస్సు వెయ్యమంటే, రోడ్డే లేని ఊరికి బస్సెట్లా అన్నాడు ఇంకొకాయన. వాళ్ళన్నా వేరే వేరే ఆఫీసుల్లో ఉండారు. మీరొక్కరే రెండు మాటలూ అంటుండారే!"

లెక్కల అయ్యవారు దగ్గినాడు. అది దగ్గు కాదు. హెడ్మాస్టరు మాత్రం నవ్వలేదు. చాలాసేపు బల్ల మీద కాగితాలు సర్దినాడు. "నలభైకి నలభై నిండినాయి. ఖాళీ వస్తే చూస్తాం" అన్నాడు.

"చూడ్డానికి కళ్ళు మాకూ ఉండాయి. ఇస్తారా?"

"ఖాళీ వచ్చి, అప్పటికి మీ పిల్ల ఆ లెక్కలు చెయ్యగలిగితే, ఇస్తాం."

"క్లాసులోకి రానీకుండా ఎట్లా చెయ్యగలుగుతుందయ్యా?" అన్నాను. ఆయన కిటికీలోంచి బయటికి చూసినాడు. నేను కూడా చూసినా. నువ్వు వరండాలో కొంగు వేలికి చుట్టుకుంటా నిలబడి ఉండావు. నాకు ఏడుపొచ్చింది. ఏడవలేదులే, అబద్ధం ఎందుకు, తర్వాత బస్సులో ఏడ్చినా.

మాట మాత్రం ఇచ్చినాడు. నర్సమ్మా, లెక్కల అయ్యవారూ ఇద్దరూ సాక్షి. మీ నాయనతో "ఖాళీ వస్తుందంట, మార్గశిరం దాకా ఆగు" అని చెప్పినా. వస్తుందో రాదో పైవాడికే తెలియాల.

నీ అత్త


రాచపేట
6–10–1959

అత్తా,

పట్టుబడ్డాము.

హజరత్తయ్య గారు ప్రమీల పుస్తకం చూసి, ఒక లెక్క నల్లబల్ల మీద చెయ్యమన్నారంట. ప్రమీల సుద్దముక్క పట్టుకుని బొమ్మలాగ నిలబడిందంట. "ఇది ఎవరు చేసినారు?" అని ఆయన గద్దించేసరికి నా పేరు చెప్తుందనుకున్నాను. నువ్వన్నట్టే, తీసుకోవడం అలవాటైన చేతులు గదా. ఆ పిల్ల చెప్పలేదు. బెత్తం దెబ్బలు ఆరు తినింది. అరచెయ్యి వాచింది. సాయంత్రం అదే చేత్తో పుస్తకం తెచ్చి ఇచ్చి, "ఇంక నాకు చేసిపెట్టొద్దు, నేర్పు" అనింది.

మనం ఆ పిల్లని తప్పుగా తూచినాము అత్తా.

ఇప్పుడు కొళాయి గట్టు మీద ఇద్దరం కూర్చుని చేస్తున్నాము. ఒకటి పదిసార్లు చెప్పాలి. పదకొండోసారికి వెలుగొస్తుంది ఆ మొహంలో. అయ్యవారు ఒకరోజు అటే పోతా మమ్మల్ని చూసినారు. ఆగినారు. మర్నాడు బి సెక్షను గుమ్మం దగ్గర నన్ను పిలిచి, "నాలుగో అభ్యాసంలో తొమ్మిదో లెక్క ముద్రణ తప్పు. దాంతో తంటాలు పడొద్దు" అని చెప్పి పోయినారు. నేను నిన్నంతా దాంతోనే తంటాలు పడినాను.

మామకి నా నమస్కారాలు. ఆయన్ని వరుణదేవుడు అన్నానని చెప్పు.

ఆదిశేషమ్మ


రాచపేట
11–12–1959

అత్తా,

నాకు సీటొచ్చింది. ఈ వాక్యం ఎగిరి గంతేస్తా రాయాలనుకున్నాను ఇన్నాళ్ళూ. చెయ్యి ఆడడం లేదు.

ప్రమీలకి పెళ్ళి చేసేసినారు. చిట్టమూరు దగ్గర, బాగా మాగాణి ఉన్నవాళ్ళంట. పదిహేనేళ్ళు. మంచి సంబంధం, చేజారిపోతుంది అన్నారంట. పెళ్ళికి మూడు రోజుల ముందు బడికి వచ్చి పేరు కొట్టేయించుకుంది. "ఇప్పుడిప్పుడే వస్తుంటే" అనింది నాతో, అంతే.

నలభైలో ఒకటి ఖాళీ. రెండు రోజులు నేను ఆఫీసు గది దిక్కే పోలేదు. మూడో రోజు రైసుమిల్లు ఆయన తమ్ముడి కొడుకుని గూడూరు నించి తెచ్చి చేరుస్తున్నారని తెలిసింది. ఆ సీటు ఆ అబ్బాయికని. నర్సమ్మ కాన్పుకి పోయి ఊళ్ళో లేదు. ఒక్కదాన్నే పోయినాను. నీ మాటలు వల్లించుకుంటా పోయినాను గానీ, గదిలో ఒక్కటీ గుర్తు రాలేదు.

"సార్, ఖాళీ వచ్చింది" అన్నాను.

"అది నిండిపోయిందమ్మా" అన్నారు హెడ్మాస్టరు.

హజరత్తయ్య గారు హాజరుపట్టీ పట్టుకుని అక్కడే ఉన్నారు. "మీరు ఆమె మేనత్తకి మాటిచ్చినారు సార్. నేను విన్నాను" అన్నారు. హెడ్మాస్టరు కోపంగా చూసినారు. అయ్యవారికి చెమటలు పట్టినాయి అత్తా, నేను చూసినాను. అయినా ఆగలేదు. "జూన్‌లో ఆ జాబితా రాసింది నేనే. నా ట్యూషను పిల్లల పేర్లు ముందు రాసినాను. మిగతావి మీరు చెప్పినారు. ఈ అమ్మాయికి మొదటి మార్కు వేసిన చేత్తోనే ఈ అమ్మాయి పేరు వదిలేసినాను. నాకు ఇంట్లో ఆడపిల్లలున్నారు సార్."

అప్పుడు హెడ్మాస్టరు నన్ను నల్లబల్ల దగ్గరికి పొమ్మని, పుస్తకం తెరిచి, వెనకనించి ఒక లెక్క ఇచ్చినారు. ఇంకా ఎ సెక్షనులో చెప్పని పాఠం అది. నేనూ ప్రమీలా కొళాయి దగ్గర ముందుకి పోయి చదివిన పాఠం. చేసినాను. ఆయన రెండుసార్లు సరిచూసుకుని, నా పేరు రాసినారు. ఆ అబ్బాయికి నలభై ఒకటో బల్ల వేయించినారు.

బల్ల ఒకటి వేస్తే సరిపోయేదయితే, జూన్‌లో నాకెందుకు వెయ్యలేదు అత్తా?

ఇప్పుడు నేను ప్రమీల చోట కూర్చుంటున్నాను. బల్ల మీద ఆ పిల్ల గోటితో గీసిన నెమలి ఉంది. దాని మీద పుస్తకం పెట్టను.

ఆదిశేషమ్మ


నడికుప్పం
23–12–1959

నా తల్లీ,

మీ నాయనకి చదివి వినిపించినా. సాయంత్రం చూస్తే కొత్త వల పక్కన పెట్టి నీ పాత పలక కడుగుతుండాడు. అంటే ఒప్పుకున్నట్టే. మీ అమ్మ రేవంతా చెప్పుకొచ్చింది, నీకు కలెక్టరు ఉద్యోగం వచ్చిందని. దిద్దబోయినా, వినలేదు. కానీయ్.

బల్ల సంగతి అడిగినావు. నీకు తెలియనిది నాకు తెలుసా? వాళ్ళకి బల్లలు లేక కాదు. నిన్ను కూర్చోబెట్టాలని తోచక. తోచనిదాన్ని తోచేటట్టు చెయ్యడానికి ఒక నర్సమ్మా, ఒక అయ్యవారూ, నోరున్న అత్తా, ఇంతమంది కావాల్సి వచ్చింది. అత్తలు లేని పిలకాయలు ఎంతమంది వంకాయలకి నీళ్ళు పోస్తుండారో.

ప్రమీల సీటు నువ్వు లాక్కోలేదు. వాళ్ళోళ్ళే లేపి తీసుకుపోయినారు. మనకి మేడలు లేక దోవ లేదు, ఆ పిల్లకి మేడలుండీ దోవ లేదు. నేను ఆ పిల్లని వెట్టి చేయించుకునేదని అన్నా. నోరు జారినా. కలిస్తే చెప్పుకుంటా.

ఊరికే నెమలిని చూసుకుంటా కూర్చుంటే ఆ పిల్లకేం ఒరుగుతుంది? జాబు రాయి. నీకు రాయడం బాగా వచ్చు గదా, మహాలక్ష్మీ సమానురాలా అని మొదలుపెట్టు. పెళ్ళికూతురికి సరిపోతుంది.

కామమ్మ


రాచపేట
14–3–1961

అత్తా,

నువ్వు చెప్పినప్పటినించి మానకుండా రాస్తూనే ఉన్నాను. ప్రతి పాఠం అయినాక చేసిన లెక్కలు రాసి చిట్టమూరు పంపుతాను. మొదట ఆరు నెలలు బదులే లేదు. అత్తగారు జాబులు చింపేస్తుందేమో, ఆ పిల్లకి విసుగేమో అనుకున్నాను. ఒకసారి కోపమొచ్చి మానేద్దామనుకున్నాను కూడా. తర్వాత తెలిసింది, పాప పుట్టింది, ఒళ్ళు బాగాలేదు అని. ఇప్పుడు నెలకొక కార్డు వస్తుంది. కుశల ప్రశ్నలుండవు. "మూడో మెట్టు నించి నాలుగోది ఎట్లా వచ్చింది?" అని ఉంటుంది. ఆమె అడిగినాక చూస్తే, నాకూ తెలియదు ఎట్లా వచ్చిందో!

వచ్చే ఏడు పరీక్ష. నువ్వు అప్పుడే మొక్కులు మొదలుపెట్టొద్దు. పోయినసారి మొక్కుకి మామ గుండు గీయించుకోవాల్సి వచ్చిందని రాసినాడు.

ఆదిశేషమ్మ


నడికుప్పం
19–6–1962

ఆదమ్మా,

నీ నంబరు పేపర్లో పడిన మూడో రోజు పేపరు మా కుప్పం చేరింది. చదవొచ్చినోళ్ళం నలుగురం, నంబరు వెతికినోళ్ళు నలభైమంది. మీ నాయన వేలితో చూపించినాడు. అంకెలు రావు గదా నీకు, ఎట్లా కనిపెట్టినావురా అంటే, "నువ్వు రాసిచ్చిన చీటీ పొద్దున్నించీ చూస్తా ఉండా, ఆ ఆకారం కళ్ళల్లో పడిపోయింది" అన్నాడు. ఆ మాట అని పడవ దిక్కు పోయినాడు. ఒంటరిగా ఉండనిచ్చినాం.

నెల్లూరు కాలేజీలో చేరే సంగతి నర్సమ్మ రాసింది. మీ హెడ్మాస్టరే కాగితాల మీద సంతకం పెట్టి, "మా బడి పిల్ల" అన్నాడంట. అననీ. ఇప్పుడు కిటికీ తెరిచినాడో లేదో అడగమాకు.

ఇంకొకటి. మొన్న ఎండుచేపలకి చిట్టమూరు దిక్కు పోయినా. దోవ అడుగుతా అడుగుతా ప్రమీల ఇల్లు పట్టుకున్నా. పెద్ద లోగిలి. పాప అటూ ఇటూ పరిగెత్తుతుండాది. ప్రమీల అత్తగారు నన్ను వసారాలోకి పిలిచి, "మా కోడలు వేసే ముగ్గులు చూసినావా? ఈ దిక్కున ఎవరికీ రావు" అని ఒకటే పొగడ్త. చూస్తే నేల మీద సున్నాలాగ పెద్ద గుండ్రం, బయట ఒక చుక్క, ఆ చుక్క నించి గుండ్రానికి ఆనుకునేటట్టు రెండు గీతలు. పక్కన క, ఖ, గ అని అక్షరాలు. నాకు నవ్వాగలేదు. ప్రమీల నావైపు చూసి కళ్ళతోనే గమ్మునుండమనింది.

ఆ ముసలామె లోపలికి పోయినాక, నేను ముందు నా క్షమాపణ చెప్పుకున్నా. ఆ పిల్లకి అదేందో కూడా అర్థం కాలేదు. "ఆదిశేషమ్మ పాసైందా?" అనలేదు, మనకంటే ముందే పేపర్లో చూసుకుందంట. "తను పంపిన పరీక్ష పేపర్లలో రెండోదాంట్లో నాలుగో ప్రశ్న ఇది. తనెట్లా చేసిందో అడగండి. నేనిట్లా చేసినాను" అనింది. జాబు రాసే తీరిక లేదంట, పాప ఒళ్ళో ఉంటే కలం పట్టనీదంట. అందుకని ముగ్గు పక్కన సుద్దతో రాసిందంతా నేను నా చేత్తో కాపీ చేసుకొచ్చినా. ఈ జాబు వెనక ఉండాది. నాకొక్క ముక్క తెలియదు. గీత గీతకీ చూసి గీసినా. నీళ్ళు చల్లే పనిమనిషి వచ్చేలోపల ముగించాల్సొచ్చింది, తొందరలో ఏదన్నా వంకర పోతే అది నాది, ఆ పిల్లది కాదు.

సరిగ్గా ఉండాదో లేదో చూసి రాయి. ఆ దిక్కు మళ్ళీ పదిహేను రోజుల్లో పోతా. చెప్తానని మాటిచ్చినా.

మీ అత్త
కామమ్మ


రాచపేట
27–6–1962

అత్తా,

నువ్వు రాసిందాంట్లో ఒక్క గీత వంకర లేదు.

ఆ లెక్క నేను పరీక్షలో తొమ్మిది మెట్లలో చేసినాను. హజరత్తయ్య గారు కూడా తొమ్మిదింటిలోనే చేసి చూపించినారు. నీ కాగితం ఆయనకి ఇచ్చినాను. నిలబడి చదివినారు, తర్వాత కూర్చుని చదివినారు. ఎవరు చేసినారని అడిగినారు. మూడేళ్ళ కింద అడిగినప్పుడు ఆ పిల్ల నా పేరు చెప్పలేదు. నేను మాత్రం ఆమె పేరు చెప్పినాను.

పోయినప్పుడు ప్రమీలకి చెప్పు. సరిగ్గా ఉంది. ఏడు మెట్లు.

నీ
ఆదిశేషమ్మ